మిద్దె మీద చవుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వానంటే అందరికన్నా ముందు మగ్గానికే భయం. ధర్మవరంలో మాది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద మన్ను. ఏటా తొలకరికి ముందు మా అవ్వ ఊరి బయట చవుడు మన్ను తవ్వి తెచ్చి మిద్దె మీద పరిచేది. తవ్వే ముందు చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేది. ఈమెకు పిచ్చేమో అనుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు అవ్వకు మోకాలు పట్టేసింది. "మగ్గం మీద మిద్దె పలచబడిండాది. నాలుగు గంపల చవుడు తెచ్చి ఏయ్ మే" అని నన్ను పంపింది. తెల్లగా, గడ్డిపోచ కూడా మొలవని ఆ నేలను చూస్తే నాకు రోత పుట్టింది. పక్కనే వేరుశనగ చేను, ఎర్రటి మన్ను. ఇంత పంట పండించే మన్ను ఇంటిని కాపాడదా? మహా తెలివైనదాన్ని కదా, నాలుగు గంపలూ ఎర్రమన్నే మోసుకెళ్లి పరిచాను. అవ్వ మిద్దె ఎక్కలేదు కాబట్టి చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. మగ్గం మీద సగం నేసిన పెళ్లి పట్టుచీర. సరిగ్గా దాని మీదే చుక్కలు మొదలయ్యాయి. పైన కప్పే పట్టా కోసం పరిగెత్తే వ్యవధి లేదు. నేస్తున్న నాయన మగ్గం గుంటలోంచి లేచి, ఆ పట్టు మీదికి వంగి, తన వీపు అడ్డం పెట్టాడు. చొక్కా లేని ఆ వీపు మీద ఎర్రనీళ్లు ధారగా కారాయి. పరిచింది ఎర్రమన్నని ఏడుస్తూ నేనే అవ్వకు చెప్పేశాను.

అవ్వ కుంటుకుంటూ నిచ్చెన ఎక్కింది. "పొయ్యి పక్కన పోయినేడాది మిగిలిన చవుడు ఉండాది, అందియ్ మే, బిరీన!" వానలోనే దాన్ని కుమ్మరించి కాళ్లతో తొక్కింది. కాసేపటికి చుక్కలు ఆగిపోయాయి! పైన వాన దంచుతూనే ఉంది, కింద నాయన నడుము ఎత్తాడు. చీర దక్కింది.

మర్నాడు అవ్వ అడుగున బెజ్జం ఉన్న రెండు కొబ్బరి చిప్పలు తెచ్చింది. ఒకదాంట్లో ఎర్రమన్ను, ఒకదాంట్లో చవుడు వేసి నీళ్లు పోసింది. ఎర్రమన్ను చిప్పలోంచి నీళ్లన్నీ కారిపోయాయి. చవుడు మీద నీళ్లు సాయంత్రం దాకా అట్లాగే నిలబడ్డాయి. నేను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

"చెట్టును బతికించే మన్ను నీళ్లు తాగుతాది. ఇది తాగదు. అందుకే చేనుకు పనికిరాదు, ఇంటికి పనికొస్తాది. నాలిక మీద ఏసుకో, నీకే తెలుస్తాది" అంది. ఉప్పగా, జారుడుగా తగిలింది.

ఆర్కిటెక్టునయ్యాక బతుకంతా మట్టి కప్పుల మీదే పరిశోధన చేశాను. తడిసిన చవుడులో సన్నని రేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయని ప్రయోగశాలలో కళ్లారా చూసిన రోజున, అబ్బా, నాకు గుర్తొచ్చింది ఆ కొబ్బరి చిప్పే. అక్షరం రాని అవ్వ, నాకన్నా ఎంత ముందు నడిచిందో!

మొన్న పెనుకొండ దగ్గర కట్టబోయే బడికి మన్ను చూడటానికి వెళ్లి, చిటికెడు నోట్లో వేసుకుంటే కుర్ర ఇంజనీర్లు నవ్వారు. నవ్వనీ. ఏ కప్పు గీసినా, దాని కింద ఎవరు కూర్చుంటారని ముందు అడుగుతాను. వాన మొదలైతే చాలు, మా నాయన వీపు మీద కారిన ఆ ఎర్రనీళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందు కారుతూనే ఉంటాయి.