హారతి ముందే పాడించిన శనివారం

కరోనా తగ్గాక వచ్చిన రెండో వర్షాకాలంలో నన్ను సూరత్‌లోని ఒక ట్రస్టు ఆస్పత్రిలో ఎముకల విభాగం నుంచి గుండె పునరావాస విభాగానికి మార్చారు. అప్పటికి నేను సీనియర్ ఫిజియోథెరపిస్టును. మా పైన కార్డియాలజిస్టు ఉండేవారు. మందులు రాయడం ఆయన పని, వ్యాయామం రాయడం నా పని. వ్యాయామానికీ మోతాదు ఉంటుంది. వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నవి మూడూ తేల్చాలి. చివరిదే చిక్కు. ఇళ్లలో మిషన్లు ఉండవు కాబట్టి మాటతో కొలుచుకోమనేవాళ్లం. నడుస్తూ మాట్లాడగలిగితే సరే, మాట మధ్యలో తెగుతుంటే గుండెకు బరువు ఎక్కువైనట్టు.

ఆ విభాగంలో నాకు దక్కిన మొదటి తెలుగు పేషెంటు మల్లేశం. సిరిసిల్ల వైపు మనిషి. సూరత్‌లోనే బమ్రోలి పేటలో ఒక మగ్గాల ఖాతాలో మేస్త్రీ. పవర్‌లూమ్ షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆగిన మగ్గాన్ని మళ్లీ ఆడించేవాడే మేస్త్రీ. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నాడు. వానలు వెళ్లాక ట్రెడ్‌మిల్ పరీక్షలో నెగ్గితే తప్ప మళ్లీ పనిలోకి పంపనని డాక్టరు గారు చెప్పారు. దీపావళి దాకా చోటు ఖాళీగా ఉంచుతానని సేఠు మాటిచ్చాడు. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటాడు. యాభై దాటబోతున్న మేస్త్రీకి కొత్త ఖాతాలో చోటు దొరకడం కల్ల.

రోజూ బయట నడవమని రాసిచ్చాను. రాసిన వారమే వాన అందుకుంది. సూరత్ వానకు ఒక పద్ధతీ పాడూ ఉండదు. పైనుంచి పడేది చాలదన్నట్టు ఊరి మధ్య పారే ఖాడీ వాగు నీళ్లు కూడా గల్లీల్లోకి వచ్చేస్తాయి. సరే, గదిలోనే నడువు, నిలబడి మోకాళ్లు పైకెత్తుతూ కవాతు చెయ్యి అన్నాను. వాళ్లది ఒక్కటే గది. మంచానికీ పొయ్యి గట్టుకూ మధ్య ఎంత నేల ఉంటుందో ఊహించుకోవచ్చు.

“ఏంది మేడమ్, గీ గోడ నుంచి గా గోడకు ఎంతసేపని తిరగాలె? జైల్ల ఏసినట్టున్నది” అన్నాడు మల్లేశం తర్వాతిసారి వచ్చినప్పుడు. పైగా తాను పుట్టినప్పటి నుంచీ మగ్గాల మధ్య నడుస్తూనే ఉన్నాడట, కొత్తగా నడిచేదేమిటని వాదన. మగ్గాల దగ్గర నడక నాలుగు అడుగులు వేసి ఆగడమే, గుండె వేడెక్కేలోపే మనిషి నిలబడిపోతాడు, అది లెక్కలోకి రాదని చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆస్పత్రి ట్రెడ్‌మిల్ మీద కూడా గడియారం చూస్తూ నడిచేవాడు. మెల్లగా రావడం తగ్గించాడు.

ఒకరోజు అతని భార్య సుగుణ ఒక్కతే గొడుగేసుకుని వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. “నడువుమంటే నా మీదికే లేస్తున్నడు మేడమ్. గదే చిరుతల భజన అంటే గంటలకొద్ది ఆడుతుండె. పోతనంటున్నడు. పోనియ్యాల్నా వద్దా? జర మీరే చెప్పాలె.”

చిరుతలంటే గజ్జెలు బిగించిన చిన్న చెక్కలు. వాటిని వాయిస్తూ, దేవుడి కథలు పాడుతూ, మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ అడుగులేస్తారు. వాళ్ల గల్లీలో దుకాణాల పైన ఉన్న కులసంఘం హాల్లో శనివారం సాయంత్రాలు అది జరుగుతుంది. మేడ మీద కాబట్టి నీళ్ల బెడద లేదు. డాక్టరు గారికి చెప్తే ఆయన గుజరాతీ బుర్రకు వెంటనే అందింది. “మన గర్బా లాంటిదేగా! మొదటి కొన్నిసార్లు మీరు దగ్గరుండి చూస్తానంటే పంపండి” అన్నారు. బీపీ మిషనూ, వేలికి తగిలించే ఆక్సీమీటరూ సంచిలో వేసుకుని వెళ్లాను.

వెళ్లి చూస్తే నాకు ముచ్చటేసింది. మేం తరగతుల్లో చెప్పేదంతా అక్కడ ముందే అమరి ఉంది. మొదట ప్రార్థన, మెల్లని అడుగు. తర్వాత ఊపు పాటలు. చివర మంగళహారతి, మళ్లీ మెల్లని అడుగు. భజన నడిపించే నర్సయ్య పెద్దాయన, మగ్గం పని మానేసి చాలాకాలమైంది. అందరూ ఆయన్ని గురువనే పిలుస్తారు. ఆయన చరణం పాడితే మిగతావాళ్లు ముక్తకంఠంతో వంత అందుకుంటారు. వంత ముక్క గొంతెత్తి పలకగలిగినంతసేపే ఆడు, పలకలేకపోతే పక్కకు వచ్చేయి అని మల్లేశానికి షరతు పెట్టాను. సరేనన్నాడు. గోడల మధ్య పిల్లిలా తిరిగిన మనిషి అక్కడ కోడెదూడలా కదిలాడు. రెండు శనివారాలు నాడి చక్కగా ఉంది. నాకు భలే సంతోషమేసింది.

మూడో శనివారం ఊపు పాట జోరందుకుంది. నేను సుగుణ పక్కన కూర్చుని అతని నోటి వైపే చూస్తున్నాను. పెదాలు ఆడుతున్నాయి, కానీ అతను నా ముందు నుంచి వెళ్తున్నప్పుడు గొంతు వినిపించలేదు. మరో చుట్టులోనూ అంతే. ముఖం పాలిపోయి చెమట కారుతోంది. బయటికి రమ్మని చెయ్యి ఊపాను. తల అడ్డంగా ఊపాడు.

“రాడు మేడమ్,” అంది సుగుణ ఏడుపు గొంతుతో. “హారతి గాకముందు వరుస ఇడిస్తే అరిష్టమంటరు. సచ్చినా రాడు.”

నా ఎదుట రెండు ప్రమాదాలు. ఆడనిస్తే గుండెకు ముప్పు. లోపలికి వెళ్లి రెక్క పట్టుకుని నిలబెడితే, అంత జోరు మీద ఉన్న మనిషికి రక్తం కాళ్లలోనే నిలిచి బీపీ పడిపోవచ్చు. వేగం తగ్గాలి, అడుగు ఆగకూడదు. నేరుగా నర్సయ్య దగ్గరికి వెళ్లి, ఇప్పుడే హారతి ఎత్తుకోండి అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “కథ సగంల ఉన్నదమ్మా. హారతైతే ఇగ ఇయ్యాల పాటే ఉండది.”

“మల్లేశం గొంతు పోయింది, చూడండి” అన్నాను.

నర్సయ్య వరుస వైపు చూశాడు. ఆ చరణం అక్కడే తుంచి మంగళహారతి ఎత్తుకున్నాడు. ఢోలక్ తడబడి సర్దుకుంది. అడుగులు నెమ్మదించాయి. వారమంతా మగ్గాల రొదలో బతికే ఆ మనుషులు తమకున్న ఒక్క సాయంత్రాన్నీ మధ్యలోనే వదులుకుని, ఏం జరిగిందో తెలియకుండానే నెమ్మదిగా తిరిగారు. హారతి ముగిసేసరికి మల్లేశం నాడి దిగుతోంది. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాం. కొత్త దెబ్బేమీ లేదు. నేను గట్టిగానే కేకలేశాను, అతను తలొంచుకుని విన్నాడు.

మర్నాడు సుగుణ ఫోన్ చేసింది. నా ఒక్కని పానం కోసం అందరి భజన చెడగొట్టిన, ఇగ నేను పోనని మొండికేశాడట. మళ్లీ ఆ గది, ఆ గోడలు, ఎదురుగా దీపావళి. నేను బస్తీకి వెళ్లేసరికి నర్సయ్య అప్పటికే ఆ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

“హారతి దేవునికే ఇస్తమారా? పెండ్లిపిల్లకియ్యమా, పురిటిబిడ్డకియ్యమా? నిన్న నీకిచ్చినమనుకో. వచ్చే శనివారం అంగీ తొడుక్కొని రా” అంటున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఏందమ్మా, మా భజనను గూడ దవాఖాన చేస్తివి.”

ఆ కసురులోని చనువుకు నా కళ్లు తడిశాయి. ఆ తర్వాతి శనివారం నుంచి నర్సయ్యే కొత్త పద్ధతి పెట్టాడు. ప్రతి పాటలో ఒక వంత మల్లేశం ఒక్కడే అందుకోవాలి. గొంతు సన్నబడితే గురువే అడుగు తగ్గిస్తాడు. బీపీ ఉన్న మరో ఇద్దరు కూడా తమ వంతు అడిగి తీసుకున్నారు. మిగతా రోజుల్లో కూడా భజనవాళ్లు పని దిగాక మల్లేశాన్ని వెంటబెట్టుకుని కాసేపు పైకి హాల్లోకి వెళ్లి ఆడటం మొదలుపెట్టారు. వానలు వెళ్లాక మల్లేశం పరీక్షలో నెగ్గాడు. నూలు చుట్టిన బరువైన బీములు ఒక్కడే ఎత్తకూడదన్న షరతు మీద డాక్టరు గారు సంతకం పెట్టారు. దీపావళికి ముందే పనిలో చేరాడు.

రిటైరయ్యేదాకా ఎందరినో వాన రోజుల్లో గర్బాకీ భజనకీ గుంపు కవాతుకీ పంపాను. ఒంటరిగా ఇంట్లో చేసే వ్యాయామం విసుగుతో ఆగిపోతుంది. నలుగురిలో చేసేది ఆగాల్సినప్పుడు కూడా ఆగదు. అందుకని ఆ తర్వాత ఎవరిని పంపినా, అక్కడ నీకోసం పాట ఆపేవాళ్లెవరని ముందు అడిగేదాన్ని. పేరు చెప్పగలిగితేనే పంపేదాన్ని.