ముందు ఆవులు, తర్వాత అంకుల్

ఆరేళ్ల క్రితం మే నెల. అప్పట్లో నేను కెనడాలో, అల్బర్టా రాష్ట్ర రాజధాని ఎడ్మంటన్‌కి ఉత్తరాన మూడు గంటల దూరంలో డిస్ట్రిక్ట్ ఫీల్డ్ ఆఫీసర్‌ని. వరద గానీ కార్చిచ్చు గానీ వస్తే ఆ ప్రాంతపు జనాన్ని వేళకి బయటికి తరలించడం నా పని. అంతకు ముందు కోస్తాలో పదేళ్లు డిప్యూటీ తహసీల్దారుగా చేశాను. కెనడా వచ్చాక మళ్లీ క్లర్కుగా మొదలుపెట్టి, ఫైళ్లు సర్దుతూ సర్దుతూ ఆ కుర్చీ దాకా వచ్చాను. ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఒక్క అడుగు తప్పితే మళ్లీ మొదటికే.

ఆ ఉదయం గాలి తిరిగి, అడవి మంటలు ఒక పల్లె రోడ్డు వైపు మళ్లాయి. దాని మీద పదకొండు పశువుల ఫారాలున్నాయి. పది గంటలకి ఇవాక్యుయేషన్ ఆర్డర్ వెళ్లింది. అంటే సలహా కాదు, వెంటనే ఇల్లు వదలమని ఆజ్ఞ. అందరి ఫోన్లూ మోగాయి. పదకొండున్నరకి చెక్‌పోస్టు దాటినవి రెండే కార్లు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బండి తీసుకుని నేనే వెళ్లాను. మొదటి ఫారం రాఘవరావు గారిది. యూనివర్సిటీలో నేలల గురించి పాఠాలు చెప్పి రిటైరై, పద్నాలుగు ఆవుల్ని పెట్టుకుని అక్కడ స్థిరపడ్డ తెనాలి మనిషి. ఆయన భార్య సుభద్ర గారు పాస్‌పోర్టుల సంచీ ఒళ్లో పెట్టుకుని అప్పటికే కార్లో కూర్చున్నారు. పెద్దాయన మాత్రం కొట్టంలో ఆవుకి నీళ్లు పెడుతున్నారు. ఆర్డర్ వచ్చింది, బయల్దేరండి అంకుల్ అన్నాను.

"చదివానమ్మా. ఇది నిండు చూడితో ఉంది. దీన్నొదిలి నేనెట్టా వస్తాను? మీ ఆంటీని తీసుకెళ్లు, నేనుంటా."

పోలీసుల్ని పిలుస్తానని బెదిరించబోయి ఆగిపోయాను. కోస్తాలో ఒకసారి తుపాను డ్యూటీలో ఒక ఊరిని అలాగే ఖాళీ చేయించాను. గంటలో అందరినీ లారీలెక్కించానని మెచ్చుకున్నారు కూడా. గేదెల పలుపులు విప్పనివ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. వాటిని విప్పడానికి సాయంత్రం ఒకాయన వెనక్కి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ మెప్పు ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

ఇంతలో సుభద్ర గారు కారు అద్దం దించారు. "ఈ రోడ్డు మీద అందరి జబ్బూ ఇదేనమ్మా. ఆవుల్ని ముందు పంపించెయ్, వెనకాలే వీళ్లూ వస్తారు."

మరో నాలుగు ఫారాలు తిరిగి చూశాను. ఆవిడ మాటే నిజం. పై అధికారికి ఫోన్ చేస్తే, రూలు ప్రకారం మనుషుల రవాణాయే మన బాధ్యత, పశువుల సంగతి యజమానులు చూసుకోవాలి, అనుమతి అడిగి చెప్తాను, ఆగమన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కానీ మంట ఆగదు కదా. రెవెన్యూలో ఏ పనికైనా ముందు నోట్ రాసి సంతకం పెట్టడం అలవాటు. చాలామంది తప్పించుకోవడానికి రాస్తారు. ఆ రోజు నేను ఇరుక్కోవడానికి రాశాను: పశువుల్ని తరలించే నిర్ణయం పూర్తిగా నాది.

పక్క టౌన్‌లో పశువుల వేలం సంత నడిపే ఆయనకి ఫోన్ చేశాను. ఆ రోజు సంత లేదు. ట్రెయిలర్లు ఖాళీగా ఉన్నాయి. గంటలోపే తొమ్మిది వచ్చాయి. చూడి ఆవు ఎక్కనని మొరాయించింది. పెద్దాయన దాని గంగడోలు నిమురుతూ బుజ్జగిస్తుంటే, నేను వెనక నుంచి భుజం పెట్టి నెట్టాను. ఆ ట్రెయిలర్ రోడ్డెక్కడం చూసి పక్క ఫారం గేటు తెరుచుకుంది. తర్వాత ఆ పక్కది. ట్రెయిలర్లు సంతకీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. నాలుగున్నరకి, వెనక మనిషి గానీ పశువు గానీ మిగల్లేదని రేడియోలో చెప్పాను. పట్టలేని సంతోషంతో బండి హారన్ గట్టిగా మోగించాను.

మర్నాడు నాలుగు కొట్టాలు కాలిపోయాయి. అందులో రాఘవరావు గారిదీ ఒకటి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

సంజాయిషీ అడిగారు. నోట్ ముందు పెట్టాను. శాఖకి పెద్దావిడ దాన్ని రెండుసార్లు చదివి, ఇది మన తరలింపు ప్లాన్‌లో ఎందుకు లేదు, నువ్వే రాయి అన్నారు. రాశాను. ఆ రాతే నన్ను ఎడ్మంటన్‌కి లాక్కొచ్చింది. ఇప్పుడు నేను అసిస్టెంట్ డిప్యూటీ మినిస్టర్‌ని. పేరులో మినిస్టర్ ఉన్నా రాజకీయం కాదు, మన దగ్గర అదనపు కార్యదర్శి లాంటి ఉద్యోగం. ఎంత చెప్పినా మా చుట్టాలు వినరు, మంత్రిగారూ అనే పిలుస్తారు.

ఆ చూడి ఆవు, తరలించిన మూడో రోజున సంత దొడ్లోనే ఈనింది. రాఘవరావు గారు స్టీలు డబ్బాలో జున్ను పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు.

"పెయ్యదూడమ్మా. నీ గుర్తుగా కలెక్టర్ అని పేరు పెట్టుకున్నాం."

కోస్తాలో పదేళ్లు పనిచేసినా నేను కాలేకపోయిన కలెక్టర్, అల్బర్టాలో ఒక దూడ పుడుతూనే అయింది. పగలబడి నవ్వాను. ఆయన వెళ్లాక జున్ను నోట్లో పెట్టుకుంటే, పలుపులు విప్పడానికి వెనక్కి వెళ్లిన ఆ మనిషి గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

ఆ ప్లాన్‌లో నేను రాసిన మొదటి ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. ఆర్డర్ ఇచ్చే ముందు ప్రతి ఆఫీసరూ ప్రతి ఇంటి గురించీ దానికి జవాబు రాయాలి: వీళ్లు దేన్ని వదిలి రాలేరు?