రెండు మాటల ఊరి పేరు

వికారాబాద్ జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను అక్కడి పశువైద్య విభాగానికి ప్రోగ్రామర్‌గా పంపారు. వానలకు ముందే గొర్రెలకు చిటుక రోగం టీకాలు పడాలి. ఊరి పేరు ఇస్తే ఆ ఊరి మందల జాబితా వచ్చే ప్రోగ్రాం నేను రాశాను.

అది నల్ల తెర మీద నడిచేది. ఆపరేటర్ ప్రోగ్రాం పేరు కొట్టి, పక్కన ఊరి పేరు కొట్టాలి. అలా వెనక ఇచ్చే మాటలను ఆర్గ్యుమెంట్లు అంటాం. ఖాళీ వదిలిన ప్రతిచోటా కంప్యూటర్ వాటిని విడగొడుతుంది. సున్నా స్థానంలో ప్రోగ్రాం పేరు ఉంటుంది, ఒకటో స్థానంలో మొదటి మాట. నా ప్రోగ్రాం ఆ ఒకటో మాటనే చదివేది. మొత్తం ఎన్ని వచ్చాయో చూసేది కాదు.

తాండూరులో ఆపరేటర్ షబానా, కాంట్రాక్టు ఉద్యోగి. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"సార్, యాలాల్ దిక్కు ఎర్ర బండకు లిస్టు ఖాళీ వస్తున్నది. జర చూస్తరా?"

ఖాళీ అంటే అక్కడ మందలు లేవనే అర్థమని, తర్వాతి ఊరు చూడమని చెప్పాను. ప్రోగ్రాం 'ఎర్ర' అనే ఊరిని వెతికి, దొరక్క, ఏ హెచ్చరికా లేకుండా ఊరుకుందని నాకు తట్టలేదు. టీకాల బృందం ఆ ఊరికి పోలేదు.

తొలకరి పడ్డాక ఎర్ర బండ కాపరి మల్లయ్య ఆఫీసుకు వచ్చాడు. అతని మందలో సగానికి పైగా గొర్రెలు చిటుక రోగంతో చచ్చిపోయాయి. మా అధికారి చెప్పమంటే, ఊరి పేరులో మొదటి మాటనే ప్రోగ్రాం చదివిందని వివరించాను. మల్లయ్య చివరిదాకా విన్నాడు.

"మా ఊరి పేరు రెండు మాటలైతే గొర్లు సావాల్నా సారూ?"

అధికారి రాతపూర్వక సంజాయిషీ అడిగారు. రెండు మాటల పేరు ఒకటిగా అందాలంటే కొటేషన్ గుర్తుల మధ్య కొట్టాలి, ఆపరేటర్ అలా కొట్టలేదు అని రాశాను. అది అబద్ధం కాదు. అలా కొట్టాలని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదని, ఆమె ఫోన్ చేసిందని మాత్రం రాయలేదు. ఆ నెలాఖరుకు షబానాను తీసేశారు. వెళ్లే ముందు ఆమె నాకు ఫోన్ చేసి, "నేను అడిగిన కదా సార్," అంది.

తర్వాత మిగతా నిజం చెప్పడానికి అధికారి దగ్గరికి వెళ్లాను. ఫైలు మూసేశామన్నారు. మళ్లీ తెరవమని నేను పట్టుబట్టలేదు.

ప్రోగ్రాంను సరిచేయడానికి నాలుగు వరుసలు సరిపోయాయి. ఆర్గ్యుమెంట్లు ఎన్ని వచ్చాయో ముందు లెక్కించాలి, తేడా ఉంటే ఆగి చెప్పాలి. జాబితా ఖాళీగా వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే, చేతిలో పని వదిలి చూడాలి. ఈ రెండూ ఆ ఏడాదే నేర్చుకున్నాను. సంజాయిషీలో సగం నిజం రాయకూడదని మాత్రం అప్పటికే తెలుసు.