పడవ పెట్టుకునే చోటు

పక్కింటామె ఇందాక ఒక గిన్నెలో వేయించిన ఎండు నెత్తళ్ల చేపలు పెట్టి ఇచ్చి వెళ్లింది. మూత తీయగానే వచ్చిన ఆ వాసనకి, ఒకప్పుడు ఆ పక్కింట్లో ఉన్న పైడమ్మత్త మళ్లీ వచ్చేసిందేమో అనిపించింది. అత్త చనిపోయి ఏడాది దాటింది. నా పాప, అమ్మ నిద్రపోయారు. నాకే నిద్ర రావడం లేదు. ఈ మధ్య పాప ముఖం చూసినప్పుడల్లా ఏదో ఒక భయం.

భయం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. విజయనగరంలో మా వీధి చివర వరసగా ఉన్న అద్దె ఇళ్లలో మాదొకటి, పక్కది పైడమ్మత్తది. భోగాపురం వైపు నుంచి వచ్చి, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగేది. ఎచ్చెర్లలో కాలేజీకి మొదటిరోజు వెళ్లలేక గుమ్మంలో నిలబడిపోతే, గంప దించకుండానే కసిరింది: "బయమేస్తే బయమేసినట్టే ఎల్లే! నీ బయం తగ్గీవరకూ బస్సు ఆగుతాదేటి?" ఏడుస్తూనే ఎక్కాను.

నా చదువు అవుతుండగా ఇంటి యజమాని స్థలం అమ్మేస్తానన్నాడు. అందరం రోడ్డున పడతామనుకున్నాం. అప్పుడు మున్సిపాలిటీ వాళ్లు ఒక దారి చెప్పారు. వీధివాళ్లందరం కలిసి ట్రస్టు పెట్టుకుంటే, స్థలం కొనడానికి మొదటి నిధులు వాళ్లిస్తారు. నేల ఎప్పటికీ ట్రస్టుదే. ఇల్లు మాత్రం మనది. వెళ్లిపోవాలనుకుంటే మనలాంటి మరో కుటుంబానికి, ట్రస్టు ఒప్పుకున్న ధరకే ఇవ్వాలి. అన్ని ఇళ్లవాళ్లూ సంతకం పెడితేనే నిధులు. అందరూ ఒప్పుకున్నారు, మా అమ్మ తప్ప. నాన్న పోయాక, తన పేరున ఒక పట్టా చూడాలన్నదొక్కటే ఆమె కోరిక.

ఆ సాయంత్రం పైడమ్మత్త మా అరుగు మీద కూర్చుని చేపలు తోముతోంది.

"నేల మనది కానప్పుడు ఇల్లు మనదెలాగవుతాది?" అంది అమ్మ. "రేపు నా పిల్లకి ఏటిచ్చుకోను? నీకేటి, పిల్లా పీచూ లేనిదానివి!"

పైడమ్మత్త చేతిలో చేప పక్కన పెట్టింది. నెమ్మదిగా అంది: "మా ఊర్లో ఎవుడి పడవ ఆడిదేనే పార్వతీ. ఇసక ఎవుడిదీ కాదు. ఇసక అమ్ముకుంటే పడవెక్కడెడతావు? నాకూ ఉండేది కొంత నేల. ఇమానాలు దిగీ తావు కడతారని రేటొచ్చింది, అమ్మీసినాను. డబ్బులు నీల్లైపోనాయి. ఇప్పుడు నా ఊరికి నేనే సుట్టపుదాన్నాగ ఎల్లొస్తన్నాను. ఈ తూరి నాకు ఆశ పుట్టినా సరే, అమ్ముకోనీకుండా కట్టీసీ కాగితం కావాల."

"నీకు తాడు కావాలని మమ్మల్నీ కట్టేస్తావా?"

"కట్టకపోతే పడవ కొట్టుకుపోద్ది కదే, పిచ్చిమొకమా!"

అమ్మకి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మర్నాడు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, పక్కింటి ముందు నిలబడి "పదవే పైడీ" అంది. ఇద్దరూ కలిసి వెళ్లి సంతకాలు పెట్టి వచ్చారు. మేం ఈ ఇళ్లలోనే ఉండిపోయాం.

కొన్నేళ్లకి పైడమ్మత్తకి మోకాళ్లు పట్టేసి, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవాల్సి వచ్చింది. అప్పటికి మా చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ఒక బ్రోకరు గుట్టుగా వచ్చి, ట్రస్టుని తప్పించి ఎక్కువ ధరకి అమ్మే ఉపాయం చూద్దామన్నాడు. "కట్టీసుకున్నాను నాయనా, ఆలీసెంగా వొచ్చినావు" అని పంపేసింది. పంపేసి, అతని బండి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

"బాధగా ఉందా అత్తా?"

"ఉండదేటే? ఆశ సచ్చిపోద్దేటి!" అంది. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టింది. "మా రేవులో పడవ ఒడ్డుకి లాగినప్పుడు తాడట్టినోలందరికీ కూరకి సేపలిస్తారు. రేపు ఈ ఇంట్లోకొచ్చీవోలు కూడా మన తాడు పట్టినోలే. తొలిరోజు పొయ్యెలిగించుకోలేరు. కూర నువ్వియ్యి."

ఇచ్చాను. చంకలో చంటిదానితో ఆ ఇంట్లోకి వచ్చిన ఆమే, ఇవాళ ఈ నెత్తళ్లు తెచ్చింది.

పాపకి నేనేం ఇవ్వగలనన్న అమ్మ ప్రశ్న ఇప్పుడు నాది. ఈ వీధిలో ధరలు విన్నప్పుడల్లా నాకూ ఆశ పుడుతుంది. పైడమ్మత్త అడిగి మరీ కట్టించుకున్న తాడు నన్నూ పట్టి ఉంచుతోంది. దాని వల్ల భయమేమీ తగ్గలేదు. భయమేసినట్టే ఉంటున్నాను, అంతే. పొద్దున్న ఈ గిన్నె పక్కింటికి ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. వెళ్లి గారెలకి మినప్పప్పు నానబెట్టాలి.