గదిలో అన్న ప్రతి మాట

మా ఆసుపత్రిలో సంతోషమ్మ ఉద్యోగం పేరు ఆయా. ఊడ్వడం, తుడవడం, దుప్పట్లు మార్చడం ఆమె పనులని కాగితాల్లో ఉంటుంది. అసలు పని ఏ కాగితంలోనూ లేదు. జైనూర్ చుట్టుపక్కల గుట్టల మీది గూడేల నుంచి వచ్చే గోండు మనుషుల మాట మాకూ, మా మాట వాళ్ళకూ చేరవేసేది ఆమే.

నేను అక్కడ స్టాఫ్ నర్సును. పేరు మంజుల. మాది జమ్మికుంట. అవ్వ, బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి మమ్మల్ని పెంచారు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నేను మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. దానికి తోడు కోపం ఎప్పుడూ ముక్కు మీదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అవ్వ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. వింటేగా!

సంతోషమ్మది హుజూరాబాద్. మెథడిస్టు సంఘంలో పెరిగిన మనిషి. పెళ్ళయ్యాక భర్త యెషయాకు ఇక్కడి హాస్టల్లో వంటపని దొరికితే ముప్పై ఏళ్ళ కింద ఆయన వెంట వచ్చింది. వచ్చిన కొత్తలో బావి దగ్గర నీళ్ళకు పోతే ఎవరితోనూ మాట కలవలేదట. పక్కావిడ బిందె ఎత్తి నెత్తిన పెడుతూ ఒక మాట, చేద అందిస్తూ ఒక మాట అడిగి నేర్చుకుంది. మాటతో పాటు ఎవరిని ముందు పలకరించాలో, ఎవరి ముందు ఏది అడగకూడదో కూడా నేర్చుకుంది. ఇప్పుడు ఆమె గోండి మాట్లాడుతుంటే గూడెం ముసలమ్మలు ఏ ఇంటి పిల్లవని అడుగుతారు.

ఆమె పద్ధతి ఒకటుంది. రోగి మంచం మీదుంటే తను కింద కూర్చుంటుంది. ముందు రోగం అడగదు. పేరు, ఎవరింటి మనిషి, తిని వచ్చిందా లేదా అడుగుతుంది. ఈ మాటలు ఎవరెవరు వినాలనుకుంటున్నావని రోగినే అడిగి, వద్దన్నవాళ్ళను బయటికి పంపుతుంది. ఆ తర్వాతే నా వైపు తిరిగి, ఇక చెప్పమంటుంది. అక్కడి నుంచి ఆమె నోట్లో ఆమె మాట ఉండదు. నేను అన్నది నేను అన్నట్టే అటు, వాళ్ళు అన్నది వాళ్ళు అన్నట్టే ఇటు. కలిపేది లేదు, తీసేది లేదు.

ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన మొదటివారంలోనే ఒళ్ళు మండేలా తెలిసింది. ఒక గర్భిణి, నేను ఇచ్చిన ఐరన్ మాత్రలు దాదాపు అన్నీ తిరిగి తెచ్చింది. నేను తెలుగులో, ఆమెకు అర్థం కాదులే అనే ధైర్యంతో, వీళ్ళకు ఎంత చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే అన్నాను. సంతోషమ్మ ఒక్క క్షణం ఆగి, ఆ మాట గోండిలో చెప్పేసింది. దున్నపోతుతో సహా. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసి నెమ్మదిగా ఏదో అంది. సంతోషమ్మ నా ముఖంలోకి చూసి అప్పజెప్పింది.

"నాలుగు దినాలు మింగిన. కడుపుల మంట లేసింది. మంట లేస్తే ఏం చెయ్యాల్నో నువ్వు చెప్పలే. దున్నపోతని తిడుతున్నవు గని, దున్నపోతును సాదేటోడు గూడ అది మేత ఎందుకు ముడ్తలేదని సూస్తడు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత ఆమెను వరండాలోకి లాక్కుపోయి, పరువు తీశావని అరిచాను. ఆమె చీపురు గోడకు ఆనించి నిదానంగా చెప్పింది.

"ఆమె గురించి ఆమె ముంగటనే మాట్లాడితివి సిస్టర్. ఆమెకు తెల్వొద్దనుకుంటే అనకు. గదిల అన్న మాట గదిల ఉన్నోళ్ళందరిది. ఏది పోనియ్యాలె, ఏది ఆపాలె అని ఏరనీకి నా నోరు జల్లెడ కాదు."

ఈ పట్టుదల ఆమెకు ఎక్కడిదో కొన్నాళ్ళకు యెషయా చెప్పాడు. పంతొమ్మిదేళ్ళ కింద గుట్ట మీది ఒక గూడేనికి పెద్ద అయిన కుమ్ర లింబారావు పాదానికి గాయమై కుళ్ళింది. పట్నంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మాట అందించడానికి సంతోషమ్మ వెంట పోయింది. కాలు తీసేయాలని డాక్టర్లకు తెలుసు. నిజం చెబితే మనిషి పారిపోతాడు, చస్తాడు, గాయం కడిగి కట్టు కడతామని చెప్పు అన్నారు. ఆమె చెప్పింది. అతను ఆమె మాట నమ్మి వేలిముద్ర వేశాడు. మత్తు దిగాక చూసుకుంటే కాలు మోకాలి కిందికి లేదు. ప్రాణం దక్కింది. కానీ ఆ మనిషి మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. రెండేళ్ళ పాటు ఆ గూడెం నుంచి ఒక్కరూ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ రెండేళ్ళలో అక్కడ జ్వరాలతో ముగ్గురు పోయారు. "గా ముగ్గురి పేర్లు మా ఇంటామె ఇప్పటికీ ప్రార్థనల చెప్తది" అన్నాడు యెషయా.

ఇక ఆ రోజు సంగతి.

పత్తి ఏరే కాలం. పొద్దున పదింటికి ఆటోలో ఒక గర్భిణిని దించారు. పేరు మోతుబాయి. ఎనిమిదో నెల. కాళ్ళు, ముఖం వాచి ఉన్నాయి. తల పగిలిపోతోందట, కళ్ళ ముందు మసక. బీపీ చూశాను. నూట ఎనభై పైన. ఫిట్స్ ఎప్పుడైనా రావచ్చు. వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. డాక్టరు మీటింగుకు ఉట్నూరు పోయారు. ఫోన్ చేస్తే ఫిట్స్ రాకుండా ఇంజక్షన్ ఇచ్చి వెంటనే ఆదిలాబాద్ పంపమన్నారు. 108 బయల్దేరింది.

మోతుబాయితో ఆమె భర్త జంగు వచ్చాడు. వాళ్ళ వెనక చంకకర్ర ఆనించుకుంటూ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. ఒక కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. సంతోషమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. ఆయన ఆమె అక్కడ లేనట్టే గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. లింబారావు. మోతుబాయి ఆయన కోడలు.

సంతోషమ్మ ఎప్పటిలాగే కింద కూర్చుంది. పేరు అడిగింది, తిన్నావా అంది, ఎవరు వినాలని అడిగింది. మోతుబాయి ఇద్దరూ వినాలంది. నేను గబగబా ఇంజక్షన్ సంగతి చెప్పాను. మోతుబాయి సరేనంటే ఇచ్చాను. ఆదిలాబాద్ పోవాలి, అవసరమైతే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు అనగానే లింబారావు వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. జంగు తండ్రి ముఖం చూసి తల దించుకున్నాడు. మోతుబాయి ఎవరినీ చూడలేదు, కళ్ళు మూసుకుని పడుకుంది. పెద్దాయన కాదంటే ఆ ఇంట్లో ఎవరూ కదలరు.

పది నిమిషాలు పోయాయి. బతిమాలాను. బెదిరించాను. బీపీ మళ్ళీ చూశాను, దిగలేదు. బయట అంబులెన్సు వచ్చి ఆగిన చప్పుడైంది. ఇక నాకు నిలకడ పోయింది. సంతోషమ్మ భుజం పట్టుకున్నాను.

"ఆపరేషన్ మాట తియ్యకు. స్కానింగ్ తీస్తరు, సాయంత్రానికి తోలిస్తరు అని చెప్పు. బండి ఎక్కితే చాలు. నీకు దండం పెడ్త, గీ ఒక్క అబద్ధం చెప్పు."

ఆమె నన్ను చూసింది. ఆ చూపు ఈ జన్మకు మర్చిపోను. పంతొమ్మిదేళ్ళ కింద ఇదే మాట, ఇదే మనిషికి చెప్పమని ఎవరో అడిగారు. చెప్పింది, అతను బతికాడు. ఇప్పుడు చెప్పకపోతే కోడలు చస్తుందేమో. చెబుతుందనే అనుకున్నాను.

చెప్పింది. కానీ నేను చెప్పమన్నది కాదు. నేను అన్నదంతా, ఒక్క ముక్క వదలకుండా గోండిలో అప్పజెప్పింది. 'స్కానింగ్' అనే మాట వినపడింది. దండం పెడతానన్నప్పుడు నాలాగే చేతులు జోడించింది కూడా. అబద్ధం చెప్పమని నేను అడిగిన సంగతి ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చంపేసిందిరా దేవుడా, చేజేతులా చంపేసింది అనుకున్నాను. ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

లింబారావు తల తిప్పాడు. గోడ వైపు నుంచి నా వైపు. నన్నే చూస్తూ, నెమ్మదిగా అడిగాడు. సంతోషమ్మ ఆయన మాటను నాకు అందించింది.

"ఇంక ఏమన్న దాసిపెట్టినవా సిస్టర్? ఉంటే ఇప్పుడే చెప్పు."

దాచేందుకు నా దగ్గర ఇంకేం మిగల్లేదు. సిగ్గు పోయింది, భయం ఒక్కటే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక్కడే ఉంటే బతకడం కష్టం. అక్కడికి పోతే బతికే అవకాశం చాలా ఎక్కువ, కానీ మాట ఇవ్వలేను. కడుపు కోయాల్సి రావచ్చు. బిడ్డ చిన్నగా పుడుతుంది, కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచాల్సి రావచ్చు. దారిలో ఏమైనా కావచ్చు. నాకు భయమేస్తోంది, అందుకే అబద్ధం ఆడమన్నాను. అదీ చెప్పాను. సంతోషమ్మ అన్నీ చెప్పింది. నా భయం చెబుతున్నప్పుడు ఆమె గొంతు కూడా నాలాగే పగిలింది.

పెద్దాయన చంకకర్ర ఆనించుకుని మంచం దగ్గరికి జరిగాడు. పోతావా అని కొడుకును కాదు, కోడలిని అడిగాడు. మోతుబాయి కళ్ళు తెరిచి ఒక్క మాట అంది. "పోత" అంది సంతోషమ్మ, మోతుబాయి మాటగా. లింబారావు తల ఊపాడు. జంగు, నేను కలిసి స్ట్రెచర్ పట్టుకున్నాం. సంతోషమ్మ చీర కొంగు బిగించుకుని బండి ఎక్కింది.

ఆ సాయంత్రం ఆదిలాబాద్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. కిలోన్నర. తల్లికి మర్నాటికి బీపీ దిగింది. బిడ్డ మాత్రం పద్దెనిమిది రోజులు పెట్టెలో ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ సంతోషమ్మ సెలవు పెట్టి అక్కడే ఉంది, డాక్టర్ల ప్రతి మాటా మోతుబాయికి చెబుతూ. మంచిదీ చెప్పింది, చెడ్డదీ చెప్పింది. యెషయా రోజూ నాకు ఫోన్ చేసి చెప్పేవాడు, నేను రోజూ కూలబడి ఏడ్చేదాన్ని. నాకు అంత ఏడుపు వస్తుందని అంతకుముందు నాకే తెలియదు.

వాళ్ళు గూడేనికి చేరిన వారానికి బిడ్డ బరువు చూపించడానికి మా ఆసుపత్రికి వచ్చారు. లింబారావు కూడా వచ్చాడు. సంతోషమ్మ తడిగుడ్డతో నేల తుడుస్తోంది. ఆయనను చూసి గుడ్డ వదిలేసి లేచింది. ఆయన ఆమె వైపు చూడకుండా నా ముందు కూర్చుని గోండిలో మాట్లాడటం మొదలుపెట్టాడు. చేతులు తుడుచుకుని ఆమె నా పక్కకు వచ్చింది. గదిలో అన్న మాట, చెప్పాలి కదా.

"సిస్టర్" అని మొదలుపెట్టింది. "గీ ఆడామె నాకు అబద్ధం చెప్పింది. నా కాలు పోయింది, పానం ఉన్నది. కాలు కోసం ఒక ఏడాది ఏడ్చిన. అబద్ధం కోసం పంతొమ్మిదేండ్లు ఏడ్చిన. ఆమె చెప్తేనే కదా నేను ఏలిముద్ర పెట్టింది." అక్కడ ఆమె ఆగింది. ఆయన ఇంకా ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన అదే మాట మళ్ళీ అన్నాడు.

ఏమంటున్నాడని అడిగాను.

"ఆమెకు చెప్పు అంటున్నడు" అంది సంతోషమ్మ నేల చూస్తూ. "మాట తెగినోళ్ళు నడుమ మనిషి లేకుంట కలువొద్దట. గందుకే నిన్ను చెప్పుమంటున్నడు. 'నాకు ఇగ ఆమె మీద కోపం లేదు. నా మనవరాలును సూడనీకి మా ఇంటికి రమ్మను.'"

మా మగ్గాల వాడలోనూ అంతే. అన్నదమ్ములు పలకరించుకోవడం మానేస్తే మధ్యలో ఒక పెద్దమనిషి నిలబడి చెబితేనే మాట కలిసేది. ఆ పెద్దమనిషి స్థానంలో నన్ను నిలబెట్టాడు ఆయన. దున్నపోతని నోరు జారినదాన్ని, అబద్ధం ఆడమన్నదాన్ని. ఇంత బరువైన మాట మోయడానికి నాకేం అర్హత ఉందని వెనక్కి తగ్గబోయాను. ఆయన చూపు మాత్రం నా మీదే ఉంది.

సంతోషమ్మ వైపు తిరిగాను. గొంతు తగ్గించాను, నా జీవితంలో మొదటిసారి. ఆమె దగ్గర చూసి నేర్చుకున్న తీరులోనే, కలపకుండా తీయకుండా, ఆయన మాటను ఆయన మాటగా ఆమెకు చెప్పాను.

"సంతోషమ్మా. నాకు ఇగ నీ మీద కోపం లేదు. నా మనవరాలును సూడనీకి మా ఇంటికి రా."

ఆ మాటను ఆమె తిరిగి గోండిలో చెప్పలేదు. అది ఆమెకే వచ్చిన మాట, చెప్పాల్సిన అవసరం లేదు. కింద కూర్చుని, తడి నేల మీదే, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.