ఖాలా ఇంట్లో స్విచ్చి బోర్డు

నడుస్తోందండీ, ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఒక్కసారి కూడా తెగడం లేదు. ఎవరిక్కావాలి? నిన్న ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "ఈమధ్య మీ కనెక్షన్ అస్సలు తెగట్లేదు సార్, మా సర్వీసుతో సంతోషంగా ఉన్నారా?" అని అడిగింది. రోజూ తెగినన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదు. మా పక్కింటి ఖాలా చనిపోయాక అడుగుతున్నారు.

ఆమె పోయి నెల కావస్తోంది. ఆ రోజు తెల్లవారుతూనే ఆమె కోడలు వచ్చి మా తలుపు కొట్టింది. "భాయ్‌సాబ్, అమ్మీ లేస్తలేదు," అంది. అంతే. డెబ్బై దాటిన మనిషి. జబ్బు లేదు, ఆసుపత్రి లేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. ముందురోజు సాయంత్రం నాతో గట్టిగా గొడవ కూడా పెట్టుకుంది. గొడవ సగంలో ఉండగా లేచిపోవడం ఏం మర్యాదో నాకిప్పటికీ అర్థం కాదు.

మొఘల్‌పురాలో మా గల్లీ మొత్తానికీ ఆమె ఖాలాయే, అంటే పిన్ని. నాకూ ఖాలా, నా భార్యకూ ఖాలా, నా బిడ్డకూ ఖాలా. వరసలు కుదరడం లేదని మొదట్లో నేను అభ్యంతరం చెబితే, "వరసలు పెండ్లిళ్ళకు బేటా, గల్లీకి ఎందుకు?" అంది. ఊరి బడిలో చదువుకుని గుమాస్తా ఉద్యోగానికి ఈ పట్నం వచ్చినప్పుడు, నాకు వచ్చిన ఉర్దూ బస్సు కండక్టరును బతిమాలుకోవడానికి కూడా చాలేది కాదు. మిగతాది ఆమె నేర్పింది, ఎక్కువగా తిట్ల రూపంలో.

బిడ్డ చదువు కోసమని ఇంటర్నెట్ పెట్టించాను. కంపెనీ మనిషి స్తంభం మీది నుంచి ఖాలా డాబా మీదికి వైరు లాగాడు. మా ఇల్లు ఆమె గోడకు ఆనుకునే ఉన్నా, గుమ్మం వెనకవైపు. అక్కడిదాకా వచ్చేసరికి అతని దగ్గర వైరు అయిపోయింది. "రేపొస్త అన్నా," అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. చివరికి గోడలు దాటే రకం డబ్బా, అదే వైర్‌లెస్ రౌటర్, తెచ్చి ఖాలా ముందుగదిలో టీవీ పక్కన పెట్టాను. కరెంటు ఆమెది, కనెక్షన్ నాది.

"గిదేంది బేటా? ఏం జేస్తది?" అని అడిగింది.

"మాట్లాడుతది ఖాలా. దునియా మొత్తంతోని మాట్లాడుతది."

"చప్పుడేది మరి?"

"లైట్లు కొట్టుకుంటున్నయి సూడు. గదే మాట."

ఆమె కళ్ళజోడు సవరించుకుని, వంగి, కాసేపు చూసింది. "బాతూనీ డబ్బా," అంది. వాగుడుకాయ అని. ఏదో సరదాగా చెప్పిన ముక్క. అది నా మెడకే చుట్టుకుంటుందని ఎవరు అనుకుంటారు?

ఆ రోజు నుంచి మొదలైంది. బాగా నడుస్తూ నడుస్తూ టక్కున పోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే, "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్," అనేవాళ్ళు. నేను చెప్పులేసుకుని, గల్లీ చుట్టు తిరిగి, గుమ్మంలో సలాం చెప్పి లోపలికి వెళ్ళేసరికి నాలుగు లైట్లూ పెళ్ళిపందిరిలా వెలుగుతూ ఉండేవి.

"ఇప్పుడే పోయింది గద ఖాలా?"

"నా కండ్ల ముంగటే ఉంది. ఏడికి పోతది? కూసో, చాయ్ తాగు."

చాయ్ తాగి వచ్చేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే. కంపెనీ మనిషి ఒకసారి పిన్ను మార్చాడు, ఒకసారి అడాప్టర్ మార్చాడు. ఇక మార్చడానికేమీ మిగలక డాబా మీది పావురాలు వైరు మీద కూర్చుంటున్నాయన్నాడు. నేనూ నమ్మాను. చేతికందిన కట్టె పట్టుకుని డాబా ఎక్కి పావురాలతో యుద్ధం చేశాను. వాటికి గింజలు వేసేది ఖాలాయే. "ఆఫీసుల నీ కింద ఎవ్వరు లేరా బేటా, గీటి మీద పడ్డవు?" అని కింద నుంచి అరిచేది.

అసలు సంగతి ఒక సాయంత్రం బయటపడింది. ఆ రోజు నెట్ పోలేదు, చూడ్డానికీ వెళ్ళలేదు. కోడలు చేసిన సేమియా తినడానికి వెళ్ళాను. ఖాలా టీవీలో ఏదో సీరియల్ చూస్తోంది. మసీదు నుంచి నమాజుకు పిలిచే అజాన్ మొదలైంది. ఖాలా లేచింది. దుపట్టా తలమీదికి లాక్కుంది. గోడ దగ్గరికి వెళ్ళి బోర్డు మీద ఒక్క స్విచ్చి నొక్కింది. టీవీ ఆగింది. దాని పక్కనే నా డబ్బా నాలుగు కళ్ళూ మూసింది.

నా నోట్లో సేమియా నోట్లోనే ఉంది. అజాన్ అయ్యేదాకా ఆగాను. ఆమె మళ్ళీ స్విచ్చి వేసింది.

"ఖాలా! నువ్వా?"

"నేనేంది?"

"గింతకాలం నెట్ బంద్ చేసింది నువ్వా!"

"అజాన్‌కు టీవీ బంద్ జేస్తం గద. గా డబ్బా గూడ మాట్లాడుతదని నువ్వే చెప్తివి. ఎవ్వరన్న పిలుస్తుంటే మనం నోరు మూసి వినాలె బేటా. దునియాతోని మాట్లాడే డబ్బాకు గీ గల్లీ తెల్వకుంటే ఎట్ల?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ గల్లీలో ఉన్నాను. రోజూ వినీ వినీ, అజాన్ నా చెవుల్లో పడడమే మానేసింది. లేకపోతే పావురాలకు అంత బాధ ఉండేది కాదు.

చెప్పినా ఆమె వినలేదు. ఇంతలో బిడ్డకు ఇంజనీరింగ్ సీటు సమయం వచ్చింది. ఏయే కాలేజీలు కావాలో కంప్యూటర్‌లో వరసగా ఎక్కించాలి. గడువు మూడే రోజులు. మధ్యలో నెట్ తెగితే ఎక్కించిందంతా పోయి మళ్ళీ మొదటికి వస్తుంది. దబీర్‌పురాలో నెట్ సెంటర్ల ముందు సినిమా టికెట్ల లైన్ల కంటే పెద్ద లైన్లు. మొదటిరోజు మధ్యాహ్నం సగంలో తెగింది. బిడ్డ కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చింది. అది గోడ అవతలికి వినబడినట్టుంది.

ఆ సాయంత్రం తెగలేదు. మర్నాడూ తెగలేదు. చివరిరోజు బిడ్డ ఆఖరి పేరు ఎక్కిస్తుండగా అజాన్ మొదలైంది. నేను, నా భార్య, బిడ్డ ముగ్గురం తెర వంక చూశాం. ఏమీ కాలేదు. మొత్తం వరస నిలిచింది. మంచి కాలేజీలోనే సీటు వచ్చింది, ఇప్పుడు రోజూ రెండు బస్సులు మారి వెళ్తోంది.

ఆ రోజు ఆఖరి పేరు ఎక్కగానే ఖాలా ఇంటికి పరిగెత్తాను. టీవీ బంద్. స్విచ్చి మీద పాత దుపట్టా చింపి కట్టిన ఎర్ర గుడ్డముక్క. దాని కింద స్టూలు వేసుకుని ఆమె కావలి. బిడ్డ ఏడుపు విన్నప్పటి నుంచి టీవీ పెట్టలేదని కోడలు చెప్పింది. "పెడితే చెయ్యి ఊకుంటదా?" అంది ఖాలా, తన చేతినే దొంగను చూసినట్టు చూస్తూ. "గిప్పుడు గూడ రెండుమార్లు లేశింది ఇది. గుడ్డ సూసి ఆగింది."

"మరి డబ్బా మాట్లాడొద్దంటివి గద ఖాలా?"

"ఆడపిల్ల చదువు మాట్లాడుతుంటే పైనున్న ఆయన ఏమంటడు?" అంది. అని, గుడ్డ విప్పేసింది. "అయింది గద నీ పని? ఇగ నా పని." రాత్రి నమాజుకు అజాన్ వినబడగానే టక్కుమని నొక్కింది.

తర్వాత మాకూ అలవాటైపోయింది. నెట్ పోతే బిడ్డ పుస్తకం మూసేది, నా భార్య చాయ్ పెట్టేది. నాకొక్కడికే బుద్ధి ఊరుకోలేదు. రౌటర్‌కు వేరే బోర్డు కొనుక్కుని బిగించడానికి వెళ్ళాను. అదే మా ఆఖరి గొడవ.

"డబ్బాకు నోరు లేదు ఖాలా!"

"మరి ఉందని ఎందుకు చెప్తివి? రేపు రా, నోరుందని సాబిత్ జేసి సూపెడ్త," అంది. కోడలు నవ్వు ఆపుకుంటోంది.

ఆ రేపు కూడా రాలేదు. కంపెనీవాడి రేపుకు అలవాటు పడ్డాను, ఖాలా రేపుకు పడలేను. ఆ బోర్డు మా అటక మీదే ఉంది. ఆమె పోయాక ఆ ఇంట్లో టీవీ ఎవరూ పెట్టలేదు, బోర్డు ఎవరూ ముట్టలేదు. డబ్బా ఆగకుండా వాగుతూనే ఉంది. అజాన్ వచ్చినప్పుడల్లా ఇప్పుడు నాకు స్పష్టంగా వినబడుతోంది. వింటూ కూర్చుంటాను. నెట్ మాత్రం సిగ్గులేకుండా నడుస్తూనే ఉంటుంది.

ఇది రాస్తుంటే గోడ అవతల నుంచి టీవీ గొంతు వస్తోంది, ఇన్నాళ్ళకు. కోడలు పెట్టినట్టుంది. పెట్టనీ, ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? ఇదిగో, అజాన్ కూడా మొదలైంది. టీవీ ఆగింది. లోపలి గదిలో కంప్యూటర్ ముందు నుంచి బిడ్డ, "బాపూ! నెట్ పోయింది!" అంటోంది. అంటే కోడలి చెయ్యి బోర్డు దాకా వెళ్ళిందన్నమాట, ఆ ఒక్క స్విచ్చి మీదికే. ఆ కంపెనీ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి జవాబు చెప్తాను, అవునమ్మా, ఇప్పుడు నేను చాలా సంతో

"బాపూ! పిలుస్తున్న గద, ఇనవడ్తలేదా?"