అంగడి దాటిన సెల్‌లు

మా చిన్నప్పుడు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి మంచి సెల్‌లు ఏరే పద్ధతి కనిపెట్టింది నేను. మా శ్రీనన్న దాన్ని తనదని చెప్పుకుంటున్నాడు... మొన్న వీడియోలో, కోదాడలో తన బ్యాటరీ షాపు ముందు నిలబడి, నవ్వుతూ.

"చిన్నప్పుడే నా బుర్రకు తట్టిందండీ" అంటున్నాడు. కోదాడ పోయి 'అండీ' కూడా నేర్చాడు.

శ్రీను మా పెద్దనాన్న కొడుకు. తిరుమలగిరిలో మా రెండిళ్ళకూ ఒకటే వాకిలి. మిర్యాలగూడలో మా మేనమామకు పాత సామాన్ల దుకాణం ఉండేది. వచ్చినప్పుడల్లా పాడైన బ్యాటరీలు సంచిలో తెచ్చి నా ముందు పోసేవాడు... "ఆడుకో పిల్లా" అని.

ఒక్కోదాంట్లో ఆరు సెల్‌లు. రెండు చచ్చిపోతే జనం మొత్తం పారేసేవాళ్ళు. మిగతా నాలుగూ బతికే ఉండేవి... ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మామ ఇచ్చిన వోల్టేజీ మీటరు పెట్టి నేనే తెలుసుకున్నాను.

ఛార్జింగ్ తీసిన రోజు అన్నీ మంచివిగానే కనిపిస్తాయి. చెడ్డది మెల్లమెల్లగా దిగిపోతుంది. అందుకే ఊళ్ళో వారానికోసారి జరిగే అంగడి రోజున ఛార్జింగ్ నింపి, మీటరు చూపిన అంకె సెల్ మీదే రాసి, పల్లీల డబ్బాలో పెట్టేదాన్ని. మళ్ళీ వారం అంగడి దాకా ముట్టేది లేదు. అప్పటికీ అంకె దిగకపోతే... 'అంగడి దాటింది' అనేదాన్ని. ఆ మాట నాది.

ఒకసారి మా నాన్న, బాపు, పత్తికి మందు కొట్టే పంపులో బ్యాటరీ పోయింది. దానికోసం సెల్‌లు నింపి పెట్టాను. అంగడికి ఇంకా రెండు రోజులుంది. శ్రీనన్నకు ఆగబుద్ధి కాలేదు.

"అన్నీ నిండుగనే సూపిస్తున్నయ్ గదనే."

"అంగడి దాటలే అన్నా. ముట్టకు."

"నువ్వేమన్న అయ్యగారివా, ముహూర్తం పెట్టనీకి?"

నేను బడికి పోయి వచ్చేసరికి పంపుకు బిగించేశాడు. బాపు నిండు ట్యాంకు వీపుకేసుకొని నాలుగు సాళ్ళు కొట్టాడో లేదో, ఆగిపోయింది. ఆ బరువుతోనే ఇంటికొచ్చాడు.

"ఎవలు జేసిన్రు ఇది?"

"చెల్లె చేసింది చిన్నాయనా. నేను వద్దనే అన్న."

నా వీపు పగిలింది.

అన్నీ మళ్ళీ నింపి, వారం ఆగి, అంగడి దాటినవి ఏరి నేనే మళ్ళీ కట్టాను. శ్రీనన్న దాన్ని చేనుకు మోసుకుపోయి బాపు చేతికిచ్చాడు. పొద్దుగూకేదాకా ఆగలేదు పంపు. బాపు ఊరంతా చెప్పాడు... "మా శ్రీనుగాడు బాగు జేసిండు."

ఆ పేరు మీదనే పెద్దనాన్న అతనికి కోదాడలో షాపు పెట్టించాడు. నాకు కుట్టుమిషన్ వచ్చింది. "ఆడపిల్లకు కరెంటు పనులెందుకే" అన్నారు. ఇప్పుడు సూర్యాపేటలో ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తున్నాను. బోర్డు మీద పేరు నాది కాదు.

"అన్నను సూసి కుళ్ళుకుంటున్నవ్" అంటుంది మా అమ్మ. అవును, కుళ్ళే. ఆ గాజు తలుపు చూసినా కుళ్ళే, లోపల వరుసగా పెట్టిన మీటర్లు చూసినా కుళ్ళే. వీడియోలో "అంగడి దాటని సెల్ వాడనండీ" అన్నప్పుడైతే అన్నం సహించలేదు.

అప్పుడు మా వాకిట్లో ఎవరి చేతి పని ఏదో చూసినవాళ్ళకైనా తెలిసేది... ఇప్పుడు ఫోన్లో ఎవరు ముందు చెప్తే వాళ్ళదైపోతోంది. మీ చిన్ననాటి పనిని కూడా ఎవరైనా ఎత్తుకుపోయుంటే కింద రాయండి. ప్రతి ఒక్కటీ చదువుతాను.

శ్రీనన్నా, ఇది నువ్వు చూస్తావని తెలుసు. అదే వీడియో కింద, అందరికీ కనబడేలా, ఆ పద్ధతి ఎవరిదో నా పేరు పెట్టి రాయి. నాకు ఫోన్ చేసి బతిమాలితే కుదరదు. ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా చూస్తాను. రాయకపోతే సోమవారం పొద్దున మొదటి బస్సుకు కోదాడ వచ్చి, నీ గిరాకీల ముందే అడుగుతాను.